వెన్ను విరిగిన తరువాత

ఫలానావారి అబ్బాయి బండి మీద నుంచి పడి వెన్ను విరిగిందట అని కబురు వస్తే, మన ఇళ్లల్లో పెద్దలు "అయ్యో, ఇంకెక్కడి మనిషి!" అనేస్తారు. ఆ మాట అనకండి. లేచి నడవలేకపోవచ్చు, నిజమే. కాని ఎన్నాళ్లు బతుకుతాడు, ఎలా బతుకుతాడు అన్నది చాలావరకు తరువాత అందే సేవను బట్టి ఉంటుంది.

వెన్నెముక లోపల చిటికెనవేలి మందాన దిగివచ్చే నరాల తాడే వెన్నుపాము. అది మెడ దగ్గర దెబ్బతింటే కాళ్లూ చేతులూ, దిగువన దెబ్బతింటే కాళ్లు చచ్చుబడతాయి. మలమూత్రాల మీద పట్టు పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన అంచనా ప్రకారం ఏటా రెండున్నర లక్షల నుంచి 5 లక్షల మందికి ఈ ఆపద వస్తోంది. పది లక్షల జనాభాకు 40 నుంచి 80 మంది అన్నమాట.

కారణాలు మాత్రం దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాలో మొదటి స్థానం వాహన ప్రమాదాలది. జపానులో చదునైన నేల మీదే జారిపడే వృద్ధులు ఎక్కువ. బంగ్లాదేశ్‌లో చెట్ల మీద నుంచి పడేవాళ్లు, తల మీద బరువుతో తూలిపడి మెడ విరిగేవాళ్లు. తెలంగాణలో తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుల సంగతి మనకు తెలిసిందే. వారికి 2024లో ప్రభుత్వం 'కాటమయ్య రక్ష' పేరుతో భద్రతా సాధనాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎంత ఆలస్యం!

1940లకు ముందు ఇంగ్లండులో కూడా ఇలాంటి రోగులు ఎక్కువమంది ఒకటి రెండేళ్లలోనే పోయేవారు. చంపేది విరిగిన వెన్ను కాదు, పడక పుండ్లు, మూత్రంలో చీము. జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు 1944లో స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో ఒక వార్డు తెరిచాడు. ఆయన దగ్గర అద్భుతమైన మందేమీ లేదు. పగలూ రాత్రీ రెండు గంటలకొకసారి రోగిని పక్కకు తిప్పాలి, మూత్రాశయాన్ని శుభ్రంగా ఖాళీ చేయాలి, చేతులకు పని చెప్పాలి. అంతే! 1948లో లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే చక్రాల కుర్చీల్లో ఉన్న 16 మందితో విలువిద్య పోటీ పెట్టించాడు. నేటి పారాలింపిక్స్‌కు బీజం అదే.

బీద దేశాల్లో నేటికీ ఆ పుండ్లూ ఆ చీమే ప్రాణాలు తీస్తున్నాయి. అలాగని అంతటా కాదు. తమిళనాడులోని మన వాళ్లకు బాగా తెలిసిన వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీనే తీసుకోండి. అక్కడి డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో రోడ్డు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డాయి. ఆమె చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చింది. 1966లో వేలూరులో అందుకోసం ప్రత్యేక కేంద్రం వెలిసింది. బంగ్లాదేశ్‌లో వాలరీ టేలర్ అనే ఆంగ్ల వనిత 1979లో పాడుబడిన గోదాములో మొదలుపెట్టిన కేంద్రం ఇప్పుడు సావార్‌లో పెద్ద ఆస్పత్రి. అక్కడ ఇంటికి పంపేముందు పల్లె ఇళ్లలాంటి వాటిలో ఉంచి వంట, స్నానం, పనీపాటూ అలవాటు చేయిస్తారు. ఈ పద్ధతి నాకు పెద్ద యంత్రాలకంటే గొప్పగా కనిపిస్తుంది.

ఇక మన చేతిలో ఉన్నది. పడ్డ మనిషిని చంకల కింద ఒకరు, కాళ్లు ఒకరు పట్టుకుని ఆటోలో కుక్కకండి. మిగిలి ఉన్న కాస్త నరం కూడా అప్పుడే తెగవచ్చు. తల, మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోను చేయండి. తప్పనిసరై ఎత్తవలసి వస్తే నలుగురు కలిసి, ఒంటిని దుంగలా నిటారుగా ఉంచి, బల్ల మీదికి చేర్చండి.

ఇంటికి వచ్చాక రోజూ పిరుదులు, మడమలు చూడాలి. స్పర్శ ఉండదు కనుక పుండు పడుతున్నట్టు రోగికి తెలియదు. ఎర్రబడి, ఎంతకీ తగ్గకపోతే ఆ వైపు బరువు పడనీయకండి. కుర్చీలో ఉన్నప్పుడు అరగంటకొకసారైనా చేతుల మీద లేవడమో పక్కకు వాలడమో చేయించండి. అన్నట్టు, స్నానాల గది తలుపు కొలిచి చూసుకోండి. చక్రాల కుర్చీ పట్టాలంటే 32 అంగుళాలైనా ఖాళీ ఉండాలి. మన ఫ్లాట్లలో చాలా వాటికి అంత ఉండదు. ఇంటికి తీసుకువచ్చేలోపే వడ్రంగిని పిలవండి.