తలుపు మనది, తాళంచెవి ఎవరిది?



మా బడిలో జరిగిన ఒక చిన్న సంఘటన చెప్పి అసలు విషయానికి వస్తాను. 2022లో వేసవి సెలవులు అయిపోయి బడులు తెరిచిన కొత్తలో, మా పూర్వవిద్యార్థి ఒకరు నాలుగు పాత లాప్‌టాప్‌లు బడికి ఇచ్చారు. వాటిలో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడిపోయి నత్తనడక నడుస్తోంది. కొత్తది కొనడానికి బడి దగ్గర డబ్బు లేదు. అందుకని లినక్స్ కుటుంబానికి చెందిన డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాటిలో ఎక్కించాలనుకున్నాము. తొమ్మిదో తరగతి పిల్లలు చుట్టూ మూగారు. "ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఇందులో దాపరికమన్నది లేదు" అని అంతకు వారం ముందే వాళ్ళకు గొప్పగా చెప్పి ఉన్నాను.

పని సగమయ్యేసరికి తెరమీద ఒక సందేశం వచ్చింది. వైఫై పరికరం పనిచేయాలంటే ఫలానా ఫైలు కావాలి, అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు కనుక ఇందులో లేదు, మీ దగ్గర ఉంటే ఇవ్వండి అని దాని సారాంశం. ఆ ఫైలు తెచ్చుకోవడానికి నెట్ కావాలి. మా బడికి వచ్చేదేమో వైఫై ఒక్కటే. బావిలో పడ్డ చేదను తీయడానికి మళ్ళీ ఆ చేదే కావాలన్నట్లయింది!

ఒక అమ్మాయి ఉండబట్టలేక అడిగింది: "సార్, నెట్ కూడా రాకపోతే ఈ స్వేచ్ఛ మనకెందుకండీ?" వెంటనే ఒక అబ్బాయి అందుకున్నాడు: "అది ఎవరో దాచిపెట్టిన ప్రోగ్రామంటున్నారు కదా సార్! దాన్ని తెచ్చి పెట్టుకుంటే ఇంక స్వేచ్ఛ ఎక్కడుంది?"

ఇద్దరి ప్రశ్నలూ సరైనవే. విచిత్రమేమిటంటే, సరిగ్గా ఆ ఏడాదే డెబియన్‌ను తయారుచేసే వాళ్ళు కూడా ఇదే ప్రశ్నమీద తర్జనభర్జన పడి, చివరకు ఓట్లు వేసుకున్నారు. ఆ వాదమేమిటో, అందులో నా పక్షమేదో మీకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే ఒక్క మాటకే రెండు అర్థాలు. డబ్బు తీసుకోకుండా ఇచ్చేదీ ఫ్రీయే, స్వేచ్ఛ కలదీ ఫ్రీయే. మనకా ఇబ్బంది లేదు. ఉచితం అనే మాట వేరు, స్వేచ్ఛ అనే మాట వేరు.

ఆవకాయనే తీసుకోండి. పక్కింటి పిన్నిగారు ఒక జాడీ ఆవకాయ ఊరికే ఇచ్చి, "పాళ్ళు మాత్రం అడగకు, ఇందులో ఉప్పు కలపకు, ఎవరికీ పెట్టకు" అన్నారనుకోండి. అది ఉచితమే కాని మీకు స్వేచ్ఛ లేదు. వేరొకరు జాడీకి డబ్బు తీసుకుని, పాళ్ళు కాగితంమీద రాసిచ్చి, "నీ ఇష్టం వచ్చినట్లు మార్చుకో, పదిమందికీ పంచు" అన్నారనుకోండి. అది ఉచితం కాదు కాని అందులో స్వేచ్ఛ ఉంది.

ప్రోగ్రామును మనిషి చదవగలిగే రూపంలో రాసిన దాన్ని సోర్స్ కోడ్ అంటారు. ఆవకాయ పాళ్ళ కాగితం వంటిది ఇదే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే నాలుగు హక్కులు ఉండాలి. ఏ పనికైనా వాడుకునే హక్కు, సోర్స్ కోడ్ చదివి మార్చుకునే హక్కు, ఇతరులకు పంచే హక్కు, మార్చిన దాన్ని కూడా పంచే హక్కు. వీటిని నిరాకరించి, అధికారమంతా తయారీదారు తన చేతిలోనే ఉంచుకుంటే అది యాజమాన్య సాఫ్ట్‌వేర్.

ఈ హక్కులవల్ల మనకేమిటి లాభం అంటారా? యాజమాన్య సాఫ్ట్‌వేర్‌లోకి తెలుగు రావాలంటే, తెలుగువల్ల తనకు లాభముందని ఆ కంపెనీకి తోచాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ఎవరి అనుమతీ అక్కరలేదు, ఓపిక ఉన్నవాళ్ళు కూర్చుని అనువదించవచ్చు. డెబియన్‌ను ఎక్కించేటప్పుడు ఏ భాష కావాలని అడిగే జాబితాలో తెలుగు ఉన్నది అందువల్లనే.

ఇరుక్కున్న కాగితం

ఈ ఉద్యమానికి మొదట్లో ఒక ప్రింటర్ కథ ఉంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ సంస్థ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అందులో కాగితం తరచు ఇరుక్కునేది. అక్కడ పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్, అంతకుముందున్న ప్రింటర్‌కైతే, కాగితం ఇరుక్కోగానే అందరికీ తెలిసేలా ప్రోగ్రామును మార్చి పెట్టాడు. దీనికీ అలాగే చేద్దామంటే సోర్స్ కోడ్ ఇవ్వలేదు. అది తన దగ్గరున్న ఒక పరిశోధకుడిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చానన్నాడు. బాగుచేసే తెలివి ఉంది, బాగుచేయాలన్న కోరిక ఉంది, అయినా తలుపుకు తాళం!

1983లో స్టాల్‌మన్ గ్నూ అనే పథకాన్ని ప్రకటించాడు. ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే నిర్మించాలని దాని ఉద్దేశం. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే కెర్నెల్‌ను వెలువరించి, 1992లో దాన్ని గ్నూ లైసెన్సు కిందికి తెచ్చాడు. కెర్నెల్ అంటే బస్సుకు ఇంజను వంటిది. ఇంజను ఒక్కటే ఉంటే ప్రయాణం సాగదు. సీట్లూ చక్రాలూ బిగించినట్లుగా, కెర్నెల్‌కు వేలాది ప్రోగ్రాములు చేర్చి వాడకానికి సిద్ధంచేసిన దాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అటువంటిదే. 1997లో డెబియన్ వారు సామాజిక ఒడంబడిక అనే పత్రం రాసుకున్నారు. మా వ్యవస్థ నూటికి నూరుపాళ్ళు స్వేచ్ఛగా ఉంటుందన్నది అందులో మొదటి వాగ్దానం. వాడేవారి ప్రయోజనానికే పెద్దపీట వేస్తామన్నది మరో వాగ్దానం.

చూశారా? మా తరగతిలో ఆ అబ్బాయి మొదటి వాగ్దానాన్ని గుర్తుచేశాడు. ఆ అమ్మాయి రెండో దాన్ని గుర్తుచేసింది.

చిక్కంతా ఫర్మ్‌వేర్‌తోనే

వైఫై కార్డులో ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. దాన్ని నడిపే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. కొన్ని పరికరాల్లో అది కర్మాగారంలోనే చిప్‌లో రాసి వస్తుంది. ఎన్నో పరికరాల్లో మాత్రం అలా ఉండదు. కంప్యూటరు ఆన్ చేసినప్పుడల్లా ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఫైలును తీసి పరికరానికి అందించాలి. కంపెనీలు ఆ ఫైలును ఉచితంగానే ఇస్తాయి కాని, చాలావరకు సోర్స్ కోడ్ ఇవ్వవు. పాళ్ళు చెప్పని పిన్నిగారి ఆవకాయ అన్నమాట.

దీని విషయంలో డిస్ట్రిబ్యూషన్లు తలో దారీ తొక్కాయి. ట్రిస్కెల్ వంటివి అటువంటి ఫైళ్ళను కెర్నెల్ నుంచి కూడా ఏరి పారేస్తాయి. ఫెడోరా ఫర్మ్‌వేర్‌కు మినహాయింపునిస్తుంది. ఉబుంటు అయితే యాజమాన్య డ్రైవర్లను కూడా కావాలా అని అడిగి ఎక్కిస్తుంది. డెబియన్ వాటిని 'నాన్‌ఫ్రీ' అనే వేరే గదిలో ఉంచి, అధికారిక ఇన్‌స్టాలర్‌లోకి మాత్రం రానిచ్చేది కాదు. మాకు వచ్చిన కష్టం అదే.

2022లో ఓటింగ్ జరిగి, అక్టోబరులో ఫలితం తేలింది. ఒడంబడికకు ఒక వాక్యం చేర్చారు: పరికరాలు పనిచేయడానికి అవసరమైతే, డెబియన్‌లో భాగం కాని ఫర్మ్‌వేర్‌ను కూడా అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఉంచవచ్చునని. 2023 జూన్ 10న విడుదలైన డెబియన్ 12 ఆ ప్రకారమే వచ్చింది.

నా పక్షం

ఈ నిర్ణయం సరైనదని నా అభిప్రాయం. అందుకు మూడు కారణాలు చెబుతాను.

మొదటిది: రహస్య ప్రోగ్రాము చిప్‌లో శాశ్వతంగా రాసి ఉంటే ఎవరూ పట్టించుకోరు. అదే ప్రోగ్రాము ఫైలు రూపంలో వస్తే స్వచ్ఛత పోయిందంటారు. దాపరికం రెండుచోట్లా ఒకటే కదా! పైగా, ఫైలుగా ఉన్నప్పుడు కనీసం అది ఉందన్న సంగతి మన కంటపడుతుంది.

రెండవది: భద్రత. 2018 జనవరిలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. అది ప్రాసెసర్ల నిర్మాణంలోనే ఉన్న లోపం. దాన్ని అరికట్టే ఏర్పాట్లలో కొన్నింటికి మైక్రోకోడ్ అనే ఫర్మ్‌వేర్‌ను సరిదిద్దవలసి వచ్చింది. ఆ ఫైలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదని తిరస్కరిస్తే, ప్రాసెసర్‌లో పాత రహస్య ప్రోగ్రామే లోపంతో సహా మిగిలిపోతుంది. ఇందులో స్వేచ్ఛకు కలిగిన లాభమేమీ లేదు.

మూడవది నాకు అన్నిటికన్నా ముఖ్యం. చూపులేని వారు తెరమీది అక్షరాలను మాటలుగా విని కంప్యూటరు వాడతారు. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో శబ్దం రావడానికి కూడా ఫర్మ్‌వేర్ కావాలి. అది లేకపోతే ఇన్‌స్టాలర్ వారితో మాట్లాడలేదు. కళ్ళున్న నేను పెన్‌డ్రైవ్ పట్టుకుని అవస్థపడి ఎలాగో గట్టెక్కుతాను. వారికి మొదటి మెట్టుమీదే తలుపు మూసుకుపోతుంది. తెలిసినవాడికే దారి దొరికే చోటును అందరి ఇల్లు అనలేము.

అయితే, అవతలి పక్షం వారిది వట్టి మొండితనమని అనుకోకండి. వారి వాదనలో బలముంది. "మీరు సర్దుకుపోతే కంపెనీలు సోర్స్ కోడ్ ఎందుకిస్తాయి? అడిగేవాడు లేకపోతే ఇచ్చేవాడూ ఉండడు" అంటారు వారు. ఇది నిజం. అడిగితే వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2013లో ఎథెరోస్ వారి కొన్ని యు.ఎస్.బి. వైఫై చిప్‌ల ఫర్మ్‌వేర్ సోర్స్ కోడ్‌తో సహా స్వేచ్ఛగా విడుదలైంది. ఏళ్ళ తరబడి విమర్శలు ఎదుర్కొన్న ఎన్విడియా 2022 మే నెలలో తన కెర్నెల్ డ్రైవర్ల సోర్స్ కోడ్ వెల్లడించింది. అయినా ఆ కార్డులకు కావలసిన ఫర్మ్‌వేర్ మాత్రం ఇంకా మూతపెట్టే ఉంది. కొంత వచ్చింది, కొంత రాలేదు. నేను సమర్థిస్తున్న సర్దుబాటువల్ల ఈ ఒత్తిడి కొంత తగ్గుతుందన్న సంగతి ఒప్పుకోవలసిందే.

అందుకే సర్దుబాటుకు షరతులుండాలంటాను. డెబియన్ పద్ధతిలో నాకు నచ్చినవి అవే. ఒకటి, స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేర్‌ను మిగిలిన వాటిలో కలిపేయకుండా వేరే విభాగంలోనే ఉంచారు. రెండు, మీ యంత్రానికి ఏ ఫైళ్ళు అవసరమయ్యాయో నమోదు చేసి చూపుతారు. మూడు, వద్దనుకునేవారు మొదట్లోనే వద్దని చెప్పే వీలుంచారు. వేరుగా ఉంచడం, చెప్పడం, కాదనే హక్కు ఇవ్వడం. ఈ మూడింటిలో ఏది లోపించినా నేను అవతలి పక్షంలోకే వెళ్ళిపోతాను. అవసరం కోసం ఇచ్చిన మినహాయింపును దాచిపెడితే, కొన్నాళ్ళకు అది అలవాటవుతుంది. ఆ తరువాత అసలు నియమమేమిటో ఎవరికీ గుర్తుండదు.

సైన్సు పాఠంలో నేను మీకు నేర్పేది కూడా ఇదే కదా! ప్రయోగంలో మీ కొలత సరిగా రాకపోతే, రాలేదని రికార్డులో రాయమంటాను. పుస్తకంలోని విలువను తెచ్చి దిద్దవద్దంటాను. లోపమున్న ప్రయోగాన్ని రేపు సరిచేసుకోవచ్చు, లోపాన్ని కప్పిపుచ్చితే దాన్ని సరిచేసేవారుండరు.

చీటీ సంగతి

ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి మర్నాడు లాప్‌టాప్‌లలో పెట్టాము. నెట్ వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కాని, అభ్యంతరం చెప్పిన ఆ అబ్బాయి చప్పట్లు కొట్టలేదు. నోటుబుక్కులో ఒక కాగితం చింపి, "ఇందులో వైఫై ఫైలు ఒక్కటి మనం చదవలేనిది" అని రాసి, ప్రతి లాప్‌టాప్ అడుగునా ఒక చీటీ అంటించాడు. ఎందుకొచ్చిన గొడవ అని మొదట ప్రశ్నించిన అమ్మాయే జిగురు తెచ్చి ఇచ్చింది.

2023లో డెబియన్ 12 ఎక్కించినప్పుడు పెన్‌డ్రైవ్ అవసరం రాలేదు, నెట్ తనంతట తానే వచ్చింది. "చీటీలు తీసేద్దామా సార్?" అన్నారు పిల్లలు. ఫైలు ఇంకా చదవలేనిదే కదా, ఉండనివ్వమన్నాను.

మీ బడిలో కంప్యూటర్లుంటే మీరూ ఒకసారి పరిశీలించండి. అందులో ఏది ఉచితం, ఏది స్వేచ్ఛ, ఏది రెండూ కాదు అని మూడు వరుసలుగా పట్టిక వేయండి. తరువాత రెండు జట్లుగా విడిపోయి ఈ విషయంమీద వాదించుకోండి. నా అభిప్రాయంతో ఏకీభవించాలన్న నిర్బంధమేమీ లేదు. నాది తప్పని మీకు తోస్తే, ఎందుకు తప్పో కారణాలతో రాసి మీ సైన్సు మాస్టారికి చూపండి.