కోళ్ల గూటికి పట్టా బిగించకండి

కార్తీకం దాటిందంటే చాలు, మా ఆదిలాబాద్ వైపు ప్రతి ఇంట్లో ఒకటే పని. కోళ్ల గూటి చుట్టూ టార్పాలిన్ పట్టా, దాని మీద పాత యూరియా సంచులు (ప్రకృతి వ్యవసాయం చేసే ఇళ్లల్లో కూడా ఇవెక్కడి నుంచి వస్తాయో మరి!), సందు లేకుండా బిగించి కట్టేస్తారు. కొన్నాళ్లకు కోళ్లకు గురక, ముక్కు కారడం మొదలవుతుంది, ఒక్కొక్కటీ తూగి పడిపోతుంది. "చలికి పోయినయ్" అంటారు. సంక్రాంతికి అమ్ముదామనుకున్న పుంజులు, ఇంట్లో ఆడవాళ్లు చేతి ఖర్చుకు చూసుకునే డబ్బు, అన్నీ వాటితోనే పోతాయి. నా లెక్కలో అందులో చాలావరకు చలి తప్పు కాదు, మనం కట్టిన పట్టా తప్పు.

ఎదిగిన కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు. ఈకలు ఉబ్బించి, మధ్యలో గాలిని పట్టి ఉంచి దుప్పటిలా వాడుకుంటుంది. ఒళ్లు పొడిగా ఉంటే మన దగ్గరి 6, 7 డిగ్రీల చలిని నాటుకోడి తట్టుకుంటుంది. ఈక తడిస్తే ఆ దుప్పటి పోయినట్టే. మరి బిగించిన గూట్లో తడి ఎక్కడిదంటారా? తాజా రెట్టలో ముప్పావు వంతు నీళ్లే. రాత్రంతా కోళ్లు వదిలే ఊపిరిలోనూ ఆవిరే. బయటికి దారి లేక అది రేకుకు పట్టి, తెల్లారేసరికి చుక్కలుగా వాటి వీపుల మీదే పడుతుంది. తడి రెట్ట నుంచి అమ్మోనియా లేచి గొంతును, ఊపిరి గొట్టాన్ని దెబ్బతీస్తుంది. ఇక ఏ జబ్బైనా సులువుగా పట్టుకుంటుంది.

పొద్దున్నే గూటి తలుపు తీయగానే కోడి ఎత్తుకు వంగి, లోపల తల పెట్టి పీల్చి చూడండి. నిలబడితే తెలీదు. కళ్లు మండితే గాలి చాలట్లేదని అర్థం.

మరి చలిగాలి కొట్టదా అని అడుగుతారు. కోడికి నేరుగా కొట్టకూడదు, నిజమే. అవి కూర్చునే ఎత్తు వరకు, ముఖ్యంగా ఉత్తరం, తూర్పు వైపు, గోనె సంచులో తడికో కట్టండి. పైన, కప్పు కింద మాత్రం జానెడు సందు వదిలి, పిల్లి దూరకుండా జాలీ కొట్టండి. ఆవిరి పైకే పోతుంది కాబట్టి దారి పైనే ఉండాలి. మా గూటికి ఎలా వదిలామో వీడియోలో చూపించాను. కింద రెండు మూడు అంగుళాల వరి ఊక పోసి, తడిసిన చోట రోజూ తీసి పొడిది వేయాలి. బూజు పట్టిన గడ్డి, వేరుశనగ పొట్టు అసలొద్దు, ఆ బూజు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సాయంత్రం గుప్పెడు జొన్నలో మొక్కజొన్న నూకో వేస్తే అరిగేటప్పుడు పుట్టే వేడి రాత్రికి పనికొస్తుంది.

పిల్లల సంగతి వేరు. తల్లి ఉంటే తల్లి రెక్కలే చాలు. తల్లి లేకుండా కొనుక్కొచ్చిన వనరాజా, గ్రామప్రియ పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల దగ్గర వేడి కావాలి, వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. ఎల్‌ఈడీ బల్బు పెట్టి ఊరుకుంటే కాదండీ, అది వెలుగే ఇస్తుంది, వేడి కాదు. మూసిన గూట్లో బొగ్గుల కుంపటి అయితే ఇంకా ప్రమాదం.

ఇక మన ప్రకృతి వ్యవసాయం వాళ్లతో నాకు తగువు వచ్చేది టీకా దగ్గరే. "మేం మందులు వాడం, వేపాకు, పసుపు, వెల్లుల్లి పెడతాం" అంటారు. పెట్టండి, కాదనను. కానీ కొక్కెర తెగులు వైరస్ జబ్బు, వచ్చాక దానికి మందు లేదు, వెల్లుల్లి దాన్ని ఆపదు. టీకాను పురుగుమందుతో కలిపి ఒకే గాటన కట్టడం నాకు అర్థం కాదు. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్క, ఎనిమిది వారాలకు ఆర్-2బి సూది, అదీ చలి ముదరకముందే. కలిపిన టీకాను కొద్ది గంటల్లోనే వాడేయాలి. ఒక్క ఇంటి పది కోళ్ల కోసం సీసా విప్పడం దండగ. వాడలో అందరూ మాట్లాడుకుని ఒకే రోజు పెట్టుకోండి, ముందు రాత్రే కోళ్లను గంపల కింద కమ్మండి, టీకాను ఐసు వేసిన ఫ్లాస్కులో తెప్పించండి. అప్పటికే తూగుతున్న కోడికి మాత్రం వేయించకండి, దాన్ని ముందు వేరే గంప కిందికి మార్చండి.