అడుగునీటి వేడి చేతికి తెలియదు

వట్లూరు ప్రాంతమునను, కొల్లేటి లంకల వైపునను బొచ్చె, శీలావతి పెంచు రైతు తెల్లవారుజామున గట్టు దిగి నీటిలో చెయ్యి ముంచి చూచుట మీరెరిగినదే. ఆ అనుభవమును తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. కాని చెయ్యి పైనీటినే చూచును. అపాయము అడుగున దాగియుండును.

నీరు వేడెక్కిన కొలది అందులో ఇముడు ప్రాణవాయువు తగ్గును. లీటరు మంచినీటిలో 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 8.3 మిల్లీగ్రాములు ఇమిడితే, 35 వద్ద 7 మిల్లీగ్రాములే ఇముడును. ఎండదినములలో పైనీరు వేడెక్కి తేలియుండగా చల్లని అడుగునీరు దానితో కలియదు. మిగిలిన మేత కుళ్లి అచ్చటి ప్రాణవాయువును హరించును. అంతలో గాలివాన వచ్చి రెండును కలిసినచో చెరువంతటను ఊపిరి కొరత కలుగును. చేపలు పైకి తేలి నోళ్లు తెరచును. ఏడాది కష్టము ఒక్క రాత్రిలో పోవచ్చును.

కనుక రెండు చోట్ల వేడియు తెలియవలెను. పాదరసపు గొట్టమును అడుగునుండి పైకి తీయునంతలోనే అంకె మారిపోవును. థర్మిస్టరుకు ఈ చిక్కు లేదు. ఇది లోహపు ఆక్సైడులతో చేసిన చిన్న పూస. వేడి పెరిగిన కొలది దీని విద్యున్నిరోధము తగ్గును. ఇట్టి గుణమును 1833లో మైకేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడునందు గమనించెను. సాధారణముగా దొరకు ఒక రకము 25 డిగ్రీల వద్ద 10,000 ఓములు, 35 వద్ద సుమారు 6,500 ఓములు చూపును. పొడవాటి తీగె నిరోధము కొద్ది ఓములే గనుక లెక్క చెడదు. పూసకు తడి తగులకుండ జిగురు పోసి, గుర్తులు పెట్టిన కర్రకు కట్టి దించి, గట్టుమీద మల్టీమీటరుతో ఓములు చదివి పట్టిక చూచిన చాలును.

"ప్రాణవాయువును కొలుచు మీటరే యుండగా ఇది యెందుకు?" అని కొందరందురు. ఆ మీటరు మేలైనదే. కాని ఖరీదైనది, తరచు సంరక్షణ కోరును. ఏ పూట జాగ్రత్తపడవలెనో ఈ చవక పూస ముందుగా హెచ్చరించును.

అయితే సరిచూడని సాధనముకంటె చెయ్యే నయము. తప్పు అంకె ధీమా యిచ్చి ముంచును. నెలకొకసారి నలగగొట్టిన మంచు, నీరు కలిపిన గ్లాసులో పూసనుంచి 0 డిగ్రీల అంకె వచ్చుచున్నదో లేదో చూడుడు. అంకె నిలుకడగా రానిచో తడి చేరినదని అనుమానించి దానిని మార్చుడు.

ఊరికొక సాధనమైనను ఉమ్మడిగా ఉంచుకొనుడు. ఉదయము, మధ్యాహ్నము పై అడుగు అంకెలను పుస్తకములో వ్రాయుడు. తేడా పెరుగుచున్నచో మేత తగ్గించి, పగటిపూట ఏరేటరు నడుపుచు రోజూ నీటిని కలుపుచుండుడు. పలుదినములు పేరుకొన్న తేడాను ఒక్కసారిగా కలుపరాదు. గ్రామోద్యోగులు ఈ పుస్తకమును వారమున కొకసారి చూచినచో, చేప నోరు తెరువకముందే రైతు కన్ను తెరచును.