పసివాళ్ల కీమో – నోటిపూత

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి బిడ్డను చంకనేసుకుని అడయారు కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చే మనవాళ్లలో చాలామంది చెన్నైలోని చుట్టాల ఇంట్లోనే దిగుతారు. బెంగుళూరు కిద్వాయికి, ముంబయి టాటా మెమోరియల్‌కు వెళ్లేవారి సంగతీ అంతే. అక్కడ నర్సమ్మ తమిళంలోనో కన్నడంలోనో చెప్పిన జాగ్రత్తలను ఆ తల్లికి తెలుగులో చెప్పవలసింది మనమే. నేను వైద్యుణ్ణి కాను, బి.కాం. చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునేవాణ్ణి. ఇంటికొచ్చే చుట్టాల కోసం తెలుసుకున్నవి ఈసారి రాస్తున్నాను.

పిల్లల నోరు పూస్తే మనం వెంటనే అనేమాట “వేడి చేసింది” అని. కీమోలో పూసే నోటికి వేడితో పని లేదు. ఆ మందు వేగంగా పెరిగే కణాలను దెబ్బకొడుతుంది. నోటి లోపలి పొర ఒకటి రెండు వారాలకే కొత్తదవుతూ ఉంటుంది గనుక కేన్సర్ కణాలతోపాటు దానికీ దెబ్బ తగులుతుంది. మందు ఎక్కిన 5 నుంచి 10 రోజుల్లో నోరు ఎర్రబడి పుళ్లు పడతాయి. ఇంచుమించు ఆ రోజుల్లోనే తెల్ల రక్తకణాలూ తగ్గుతాయి. అప్పుడు ఆ పుండే సూక్ష్మజీవులు రక్తంలోకి దిగడానికి వాకిలి. బిడ్డ ముద్ద మింగలేక నీరసిస్తే తర్వాతి విడత మందు కూడా వాయిదా పడవచ్చు.

వేడి అనుకున్నాక మనం చేసే రెండో పని వీధి చివరి మందుల షాపులో బీకాంప్లెక్స్ మాత్రలు కొనడం. ఇక్కడ చాలా జాగ్రత్త పడాలి. వాటిలో చాలావాటిలో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. రక్త కేన్సర్ పిల్లలకు తరచుగా ఇచ్చే మెథోట్రెక్సేట్ పనిచేసేదే ఫోలేట్‌ను అడ్డుకుని. డాక్టరుగారిని అడగకుండా ఆ మాత్ర వేయకూడదు. అదే మెథోట్రెక్సేట్‌ను పెద్ద మోతాదులో ఎక్కించినప్పుడు, మంచి కణాలను కాపాడడానికి ల్యూకోవోరిన్ అనే విరుగుడు ఇస్తారు. దాన్ని వాళ్లు చెప్పిన గంటకు, గడియారం చూసి వేయాలి. బిడ్డ నిద్రపోతున్నాడు పాపం అని జాలిపడి లేపకుండా ఊరుకోవద్దు. నోటిని కాపాడే మందుల్లో అది ముఖ్యమైనది.

కీమో మొదలుకాక ముందే పుచ్చుపళ్లు చూపించుకోవాలి. ఆ తర్వాత మెత్తటి బ్రష్షుతో రోజుకు రెండుసార్లు తోమాలి. వేపపుల్ల, బొగ్గు, వేలితో ఉప్పు రుద్దడం వద్దు. కాచి చల్లార్చిన ఒక కప్పు నీళ్లలో పావు టీచెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ, పడుకునే ముందూ పుక్కిలించి ఉమ్మించాలి. ఉమ్మడం చేతకాని పసివాళ్లకు శుభ్రమైన తడి గాజుగుడ్డతో తుడిస్తే చాలు. స్పిరిట్ కలిసిన ఘాటైన మౌత్‌వాష్‌లు మంట పెడతాయి, వద్దు.

రక్తనాళంలోకి కొద్దిసేపట్లో ఎక్కించే కొన్ని మందులకు, ఎక్కించేటప్పుడు ఐస్ ముక్కలు చప్పరించమంటారు. చల్లదనానికి నోటి రక్తనాళాలు కుంచించుకుపోయి, అక్కడికి మందు తక్కువగా చేరుతుంది. గంటల తరబడి ఎక్కే మందుకు ఇది పనికిరాదు. గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది గనుక మరీ చిన్నవాళ్లకూ పనికిరాదు. కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో తక్కువ శక్తి గల లేజరు కాంతితో నోటిపూతను నివారించే పద్ధతి ఉంది. మీ ఆసుపత్రిలో ఉందేమో అడగండి.

తిండి విషయంలో అమ్మమ్మలతోనే పేచీ! నోరు చప్పబడిందని బిడ్డ ఆవకాయ అడుగుతాడు, ఆవిడ మనసు కరుగుతుంది. కారం, పులుపు, జంతికల వంటి గట్టివి కొన్నాళ్లు పక్కన పెట్టక తప్పదు. గోరువెచ్చని రాగిజావ, మెత్తటి ఇడ్లీ, పప్పు కలిపి మెదిపిన అన్నం పెట్టవచ్చు. ఇంట్లో తోడు పెట్టిన పెరుగు మాత్రం, కణాలు తగ్గిన రోజుల్లో అడిగే పెట్టండి.

మా వృత్తిధర్మం కొద్దీ ఒక డేబుక్కు పెట్టమంటాను. మందు ఎక్కిన తేదీ, ఉదయం టార్చిలైటు వేసి చూసిన నోటి రంగు, తిన్నది, జ్వరం రాయండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరాలి. వాళ్లు చెప్పకుండా పారాసెటమాల్ వేయకండి, జ్వరం తెలియకుండా పోతుంది. డేబుక్కు వెంట తీసుకువెళ్లండి, డ్యూటీ డాక్టరుకు భాష రాకపోయినా తేదీలూ అంకెలూ అర్థమవుతాయి.