చాటింపు ఒక్కటే చాలదు, బోర్డు కూడా ఉండాలి



ఈసారి కాస్త సాంకేతిక విషయం రాస్తున్నాం. పొడుగ్గానే ఉంది, ఓపిగ్గా చదవండి. ఫోన్‌లో, కంప్యూటర్‌లో, సర్వర్‌లో ఏదైనా మారినప్పుడు ఆ సంగతి యాప్‌కి ఎలా తెలియాలి? ఇది ఇంజినీర్లు చూసుకునే గొడవ, మనకెందుకులే అనుకోవద్దు. దీన్ని సరిగా ఆలోచించకుండా కట్టిన యాప్‌ల వల్ల ముందుగా నష్టపోయేది సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో, చవక ఫోన్లతో నెట్టుకొచ్చే మనలాంటోళ్లే. మా అభిప్రాయం ఇది: మార్పు జరిగిందని చాటింపు వేస్తే సరిపోదు. ఇప్పుడున్న పరిస్థితి ఏంటో ఎవరు ఎప్పుడొచ్చినా చూసుకునేలా బోర్డు కూడా ఉండాలి.

మార్పు అంటే ఏంటో ముందు చూద్దాం. గంపలగూడెం నుంచి తిరువూరు బస్సులో పోతుంటే ఫోన్‌కి సిగ్నల్ పోతుంది, మళ్లీ వస్తుంది. ఛార్జింగ్ తగ్గుతుంది. జేబులో పెట్టుకోగానే ఫోన్ నిద్రలోకి జారుకుంటుంది. ఇవన్నీ ఫోన్ స్థితిలో వచ్చే మార్పులు. దరఖాస్తు ఫారం నింపే యాప్‌కి ఇవి తెలియాలి. సిగ్నల్ పోయిందని తెలిస్తే నింపినదాన్ని ఫోన్‌లోనే దాచుకుంటుంది, వచ్చిందని తెలిస్తే పంపుతుంది. తెలియకపోతే అరగంట కష్టపడి నింపిన ఫారం గాల్లో కలిసిపోద్ది.

యాప్‌కి తెలియడానికి ఉన్న మొదటి దారి, అదే మాటిమాటికీ అడగడం. "సిగ్నల్ వచ్చిందా? వచ్చిందా?" అని. దీన్నే పోలింగ్ అంటారు, ఓట్ల పోలింగ్ కాదులెండి. రాయడం తేలిక. కానీ అడిగిన ప్రతిసారీ ఫోన్ నిద్ర లేవాలి. పది యాప్‌లు ఇలా అడుగుతూ కూర్చుంటే సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ.

రెండో దారి చాటింపు. మార్పు జరిగినప్పుడు సిస్టమే అందరికీ చెప్తుంది. ఇది మేలే గానీ దీనికీ తిప్పలున్నాయి. ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్ మారిన ప్రతిసారీ ఒక చాటింపు వెళ్లేది. దానికి పేరు నమోదు చేసుకున్న యాప్‌లన్నీ, పని ఉన్నా లేకున్నా, ఒక్కసారిగా లేచేవి. తక్కువ మెమరీ ఉన్న ఫోన్ అక్కడే నీరసించేది. అందుకే 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 కోసం తయారైన యాప్‌లకు, నడుస్తూ లేనప్పుడు ఈ చాటింపుతో నిద్ర లేపడం ఆపేశారు. మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ 8లో ఇలాంటి ఇంకా చాలా చాటింపులకూ ఇదే పద్ధతి పెట్టారు. దాని బదులు "నెట్ ఉన్నప్పుడు ఈ పని చెయ్" అని యాప్ ముందే సిస్టమ్‌కి అప్పజెప్పి పడుకోవచ్చు. సమయం రాగానే సిస్టమే లేపుతుంది. అవసరం ఉన్నోళ్లనే పిలవాలి, ఊరందర్నీ కాదు. ఇది మొదటి సూత్రం.

ఇక రెండోది, అసలు సమస్య. చాటింపు వేసినప్పుడు ఇంట్లో లేనోడి సంగతి ఏంటి? మిరపకోతలకు తెల్లారే పోయినోళ్లు పొద్దుగూకాక ఇంటికొస్తారు. మధ్యాహ్నం వేసిన చాటింపు వాళ్ల చెవిన పడదు. యాప్‌ల పరిస్థితీ అంతే. నిద్రలో ఉన్న యాప్, నెట్ లేని ఫోన్ చాటింపును వినలేవు.

ఈ సంగతి బాగా అర్థమైనోళ్లు కట్టినవి రెండు చూడండి. 2005 నుంచి లైనక్స్‌లో ఐనోటిఫై అనే ఏర్పాటు ఉంది. ఒక ఫోల్డర్‌లో ఫైళ్లు మారితే యాప్‌కి చెప్తుంది. యాప్ చదవడం ఆలస్యమైతే కబుర్లు వరుసలో ఆగుతాయి. ఆ వరుసకు మామూలుగా 16,384 కబుర్ల పరిమితి ఉంటుంది. నిండిపోతే మిగతావి పోతాయి. కానీ గుట్టుచప్పుడు కాకుండా పోవు. "వరుస పొంగిపోయింది" అని ఒక ప్రత్యేక కబురు వస్తుంది. అప్పుడు యాప్ ఫోల్డర్ మొత్తాన్ని మొదటినుంచి చూసుకోవాలి.

రెండోది గూగుల్ వాళ్ల ఫైర్‌బేస్ మెసేజింగ్. ఫోన్‌కి నెట్ లేనప్పుడు ఒక యాప్‌కి వచ్చిన విడివిడి సందేశాలను 100 దాకా దాచిపెడుతుంది. ఆ హద్దు దాటితే దాచినవన్నీ తీసేస్తుంది. ఫోన్ మళ్లీ కలిసినప్పుడు "కొన్ని పోయాయి, సర్వర్‌ని అడిగి అంతా సరిచూసుకో" అని యాప్‌కి చెప్తుంది. రెండింట్లోనూ ఉన్న నిజాయితీ ఒకటే. కబురు పోవచ్చని ముందే ఒప్పుకున్నారు, పోతే ఎక్కడ చూసుకోవాలో చూపించారు. మేము బోర్డు అంటున్నది దాన్నే.

చాటింపులో వివరమంతా కుక్కి పంపే యాప్‌లు ఇక్కడే దెబ్బతింటాయి. "ఒకటి పెంచు", "ఒకటి తగ్గించు" అని పంపితే, మధ్యలో ఒక్కటి పోయినా లెక్క ఇక ఎప్పటికీ తప్పే. "మారింది, వచ్చి చూసుకో" అని పిలిచి, అసలు లెక్క బోర్డు మీద ఉంచితే పది పిలుపులు పోయి పదకొండోది అందినా చాలు. ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ స్థితి ఇలాగే అందుతుంది. యాప్ ఆలస్యంగా వచ్చి చేరినా చివరి స్థితిని వెంటనే దాని చేతిలో పెడతారు.

కోడింగ్ నేర్చుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక చిన్న సూచన. ముందు చాటింపుకి పేరు ఇవ్వండి, తర్వాత బోర్డు చదవండి. ముందు బోర్డు చదివి తర్వాత పేరిస్తే, ఆ రెండింటి మధ్య సందులో జరిగిన మార్పు ఎవరికీ దొరకదు. పరీక్షించేటప్పుడు పదిసార్లు బాగానే నడుస్తుంది, పదకొండోసారి జనం చేతిలో పోద్ది.

మూడో సూత్రం, కొన్ని మార్పులు జరిగాక చెప్తే లాభం లేదు, ముందే చెప్పాలి. కంప్యూటర్ నిద్రపోయే ముందు "పడుకోబోతున్నాం, సర్దుకోండి" అని యాప్‌లను హెచ్చరించాలి. అలాగని యాప్ మాటే చెల్లనివ్వకూడదు. విండోస్ ఎక్స్‌పీలో యాప్‌లు "వద్దు" అని నిద్రను అడ్డుకోగలిగేవి. ఆ అనుమతి అడిగే పద్ధతిని విస్టాలో తీసేశారు. లైనక్స్‌లో సిస్టమ్‌డీ ఉన్న చోట, ముందుగా అడిగి పెట్టుకున్న యాప్‌కి మామూలుగా 5 సెకన్ల వరకు గడువు దొరుకుతుంది. ఆ లోపు దాచుకోవాల్సింది దాచుకోవాలి, తర్వాత నిద్ర ఆగదు. హెచ్చరిక ఉండాలి, గడువు ఉండాలి, కానీ ఒక్కడి కోసం అందరూ ఆగకూడదు. మాకు ఇది న్యాయంగా కనిపిస్తోంది.

ఇదంతా ఫోన్ లోపలి సంగతి. ఇప్పుడు ఫోన్ బయటికి రండి. మన స్కాలర్‌షిప్ దరఖాస్తు కూడా ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి పోయేదే. కాలేజీలో ఒక సాఫ్ట్‌వేర్, పరిశీలించే ఆఫీసులో ఇంకొకటి, డబ్బు పంపే చోట మరొకటి. ఒకదాని దగ్గర జరిగిన మార్పు రెండోదానికి, చివరికి పిల్లోడికి చేరాలి.

ఆధార్ ఆధారంగా వచ్చే డబ్బు సంగతే తీసుకోండి. ఎన్‌పీసీఐ దగ్గర ఏ ఆధార్ ఏ బ్యాంకుతో కలిసి ఉందో చెప్పే పట్టిక ఉంటుంది. చివరగా ఏ బ్యాంకులో కలిపితే డబ్బు ఆ బ్యాంకుకే పోతుంది. పాత ఖాతా నంబర్ల గందరగోళం లేకుండా ఎప్పటి స్థితి అప్పుడే చూసే మంచి బోర్డు అది. కానీ కొత్త ఖాతా తెరిచినప్పుడు ఆ వరుస మారిందని పిల్లలకు చాలాసార్లు తెలియదు. పాత పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరుగుతుంటారు. ఇక్కడ బోర్డు ఉంది, చాటింపు చెవిన పడలేదు.

దీనికి తిరగేసినది కూడా ఉంది. దరఖాస్తు "సర్టిఫికెట్ సరిగా లేదు" అని వెనక్కి వస్తుంది. ఒక్క ఎస్ఎంఎస్ పోతుంది, అదీ నాన్న పాత నంబరుకి. గడువు దాటాక "మెసేజ్ పంపాం కదా" అంటారు. పంపడం వాళ్ల పని, అందుకోవడం మన ఖర్మ అన్నట్టు. పంపినట్టు రికార్డులో ఉన్నంత మాత్రాన అందినట్టు కాదు. అందిందో లేదో చూసుకోని చాటింపు సగం పనే.

ఇంత చేయాలంటే ఖర్చు కదా అని కొందరంటారు. స్థితి ఎలాగూ సర్వర్‌లో రాసే ఉంటుంది. ఎవరి దగ్గర ఆగింది, ఎందుకు ఆగింది, ఏ తేదీ లోపు సరిచేయాలి అనే మూడు ముక్కలు పిల్లోడికి, కాలేజీకి, సచివాలయానికి ఒకేలా కనబడేట్టు పెడితే చాలు. గడువు ముగిసే ముందు, చూడనోళ్లకు మాత్రమే మళ్లీ కబురు పెట్టాలి. గడువు లెక్క కూడా మెసేజ్ పంపిన రోజు నుంచి కాదు, పిల్లోడు చూసిన రోజు నుంచి మొదలవ్వాలి. ఎంతకీ చూడకపోతే హాస్టల్ వార్డెన్‌కో, సచివాలయానికో ఆ పేరు వెళ్లాలి, మనిషే పోయి చెప్పాలి.

మనలో డిప్లొమా, బీటెక్, డిగ్రీ కంప్యూటర్స్ చదువుతున్నోళ్లు రేపు ఇలాంటి యాప్‌లే కడతారు. మీరు కట్టినదాన్ని ఇలా పరీక్షించండి. ఫారం సగం నింపి ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. ఫోన్ ఆపేయండి. ఈలోగా సర్వర్‌లో దరఖాస్తు స్థితిని మూడుసార్లు మార్చండి. మర్నాడు ఫోన్ ఆన్ చేసి నెట్ కలపండి. నింపిన సగం ఫారం అలాగే ఉందా? స్థితి చివరిదే చూపిస్తోందా? రెండూ అవునంటే మన పిల్లల చేతికి ధైర్యంగా ఇవ్వొచ్చు.