మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్: మన పిల్లలు చేరవచ్చా?

వార్షికోత్సవానికి వచ్చిన పూర్వ విద్యార్థులను మన హాస్టల్ పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: "అన్నా, మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందా?" అడిగేవాళ్లు ఎక్కువగా బైపీసీ చదివి, నీట్‌లో సీటు అందక బి.జెడ్.సి.లో చేరినవాళ్లే. జబ్బుల పేర్లతో కొంత పరిచయం ఉంటుంది, ఇంటి పరిస్థితి పీజీ దాకా ఆగనివ్వదు. ఏదో ఒక దారి కావాలి.

ఈ ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్క చెప్పి తప్పుకోవడం న్యాయం కాదు. కాబట్టి ఈ రంగంలో పనిచేసిన అనుభవంతో నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పని నేర్పే విద్య మనకు చాలా అవసరం. కానీ అప్పు చేసి ఫీజు కట్టి, ఈ ఒక్క పని మీదే జీవితాన్ని పెట్టడం మాత్రం ఈ రోజుల్లో తగదు.

అసలు ఏమిటీ పని?

అమెరికాలో డాక్టరు రోగిని చూశాక జబ్బు వివరాలు, చేసిన పరీక్షలు, రాసిన మందులు అన్నీ నోటితో చెప్పి రికార్డు చేస్తాడు. ఆ ఆడియో ఫైలు ఇంటర్నెట్ ద్వారా మన దేశానికి వస్తుంది. ఇక్కడ హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాలి కింద ఉన్న ఫుట్ పెడల్‌తో ఫైలును ఆపుకుంటూ, వెనక్కి జరుపుకుంటూ, విన్నదాన్ని రిపోర్టుగా టైపు చేయాలి. వాళ్లకు రాత్రయితే మనకు పగలు. వాళ్లు నిద్ర లేచేసరికి రిపోర్టు తయారుగా ఉంటుంది. ఈ వెసులుబాటే 1990ల చివర్లో ఈ పనిని హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాల్లో పెంచింది. జీతం చాలాచోట్ల లైన్ల లెక్కనే. స్పేసులతో కలిపి 65 అక్షరాలను ఒక లైనుగా కట్టడం ఎక్కువగా ఉన్న పద్ధతి.

మన పిల్లలకు ఈ పని ఎందుకు నచ్చిందో నాకు తెలుసు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు. ఇంటర్వ్యూలో మన ఊరు, యాస, వేసుకున్న చొక్కా, మాట్లాడే ఇంగ్లీషు అన్నీ తూకం వేస్తారు. ఈ పనిలో మాట్లాడనక్కర్లేదు, వింటే చాలు. అవతలి డాక్టరుకు మన ఇంటిపేరు తెలియదు, మన ముఖం కనిపించదు. రిపోర్టు సరిగ్గా ఉందా లేదా అన్నదొక్కటే లెక్క. ఫైలుకు కులం ఉండదు. ఇది చిన్న విషయం కాదు.

ఒక్క అక్షరం, ఒక్క చుక్క

అయితే ఇది టైపింగ్ పని అనుకుంటే పొరపాటు. వేళ్ల వేగం రెండు నెలల్లో వస్తుంది, చెవికి మాత్రం ఏడాది పడుతుంది. "హైపర్‌టెన్షన్" అంటే రక్తపోటు పెరగడం, "హైపోటెన్షన్" అంటే తగ్గడం. గబగబా మాట్లాడే డాక్టరు నోట రెండూ ఒకేలా వినిపిస్తాయి. చిన్నపేగు చివరి భాగాన్నీ, తుంటి ఎముకనూ రెండింటినీ "ఇలియం" అనే పలుకుతారు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క అక్షరమే తేడా. సెలెబ్రెక్స్ కీళ్ల నొప్పులకు, సెలెక్సా డిప్రెషన్‌కు, సెరెబిక్స్ మూర్ఛకు ఇచ్చే మందు. ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

అంకెల సంగతీ అంతే. 1.0 మిల్లీగ్రాము అని రాస్తే చుక్క కనబడక 10 అని చదివే ప్రమాదం ఉంది. అందుకే అమెరికా ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వద్దన్న రాతల్లో ఇదీ ఒకటి. ఉత్త 1 అని రాయాలి. అరకు మాత్రం చుక్కకు ముందు సున్నా పెట్టి 0.5 అని రాయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం మరొకటుంది. మాట వినబడకపోతే ఊహించి రాయకూడదు. అక్కడ ఖాళీ వదిలి, గుర్తు పెట్టి, పైన తనిఖీ చేసేవారికి పంపాలి. తరగతిలో "అర్థం కాలేదు సార్" అనడానికి సిగ్గుపడి తల ఊపేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. తెలియనిది తెలియదని చెప్పడమే నిజాయితీ అని, అందులో తక్కువతనం లేదని ఈ పని నేర్పుతుంది. డాక్టరైనా, టీచరైనా, వీఆర్వో అయినా పనికొచ్చే గుణమిది.

ఇప్పటి పరిస్థితి

ఇక చేదు నిజం. మాట వింటూ తానే టైపు చేసే సాఫ్ట్‌వేర్ 2000ల నుంచే ఈ రంగంలోకి వచ్చింది. అప్పటి నుంచి మనిషి పని టైపు చేయడం నుంచి మిషన్ రాసినదాన్ని సరిదిద్దడానికి మారుతూ వచ్చింది. అలా సరిదిద్దినదానికి లైనుకు ఇచ్చే డబ్బులూ తగ్గాయి. 2009లో అమెరికా చేసిన హైటెక్ చట్టంతో ఆసుపత్రులన్నీ కంప్యూటర్ రికార్డులకు మారాయి. డాక్టర్లే తెర మీద గళ్లు నింపడం మొదలుపెట్టారు. ఈ రంగానికి సాఫ్ట్‌వేర్ అందించే న్యూయాన్స్ కంపెనీని 2022లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఇప్పుడు డాక్టరూ రోగీ మాట్లాడుకుంటుంటే విని, దానంతట అదే రిపోర్టు రాసి పెట్టే కృత్రిమ మేధ వచ్చేసింది. ఈ ఉద్యోగాలు తగ్గుతాయని అమెరికా కార్మిక శాఖ అంచనాలే చెబుతున్నాయి. పని పూర్తిగా పోలేదు. తప్పులు పట్టే మనిషి ఇంకా కావాలి. కానీ పదిమంది చేసిన చోట ఇద్దరు చాలు అనే రోజులివి.

ఫీజు కట్టే ముందు

ఇది తెలిసి కూడా "నూటికి నూరు శాతం ఉద్యోగ గ్యారంటీ" అని కరపత్రాలు పంచేవాళ్లుంటారు. అమీర్‌పేటలో మెట్లెక్కి అడ్వాన్సు కట్టి, నెల తిరక్కుండా బోర్డు తిప్పేసిన ఆఫీసు ముందు నిలబడ్డ పిల్లల్ని చూశాం. అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టి తెచ్చిన డబ్బులవి.

పని దొరికాక కూడా మధ్యవర్తుల గొలుసు ఒకటుంటుంది. 2003లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆసుపత్రి పని చేతులు మారి మారి చివరకు పాకిస్తాన్‌లో టైపు చేసే ఒక మహిళకు చేరింది. తనకు రావాల్సిన డబ్బులు ఇవ్వకపోతే రోగుల రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతానని ఆమె ఆసుపత్రికే ఈ-మెయిల్ పంపింది. కొంత డబ్బు అందాక వెనక్కి తగ్గింది. ఆమె చేసింది తప్పే. రోగి రహస్యం కాపాడటం ఈ వృత్తికి ప్రాణం, 1996 నాటి హిపా చట్టం చెప్పేదీ అదే. కానీ గొలుసులో చివరి మనిషి కూలి ఎగ్గొట్టినవాళ్ల సంగతేమిటి? ఆ చివరి స్థానంలో నిలబడేది సాధారణంగా మనలాంటి ఇళ్ల పిల్లలే.

కాబట్టి చేరేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. శిక్షణ ఇచ్చే కంపెనీయే ఉద్యోగం ఇస్తుందా? పని నేరుగా వస్తుందా, ఎన్ని చేతులు మారి వస్తుంది? శిక్షణ కాలంలో జీతం ఎంత? ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకుంటారా? ఈ నాలుగింటికి కాగితం మీద జవాబు ఇవ్వనివాడికి ఒక్క రూపాయి కట్టవద్దు.

మరి దారేది?

చెవి, ఓపిక, శరీరశాస్త్రం ఈ మూడూ ఉన్నవాళ్లకు పక్కనే వేరే తలుపులున్నాయి. మొదటిది మెడికల్ కోడింగ్. రిపోర్టు చదివి, జబ్బుకూ చికిత్సకూ బీమా కంపెనీ కోరే కోడ్ ఇవ్వడం. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి ఐసీడీ-10 అమలైంది. అందులో జబ్బుల కోడ్‌లే సుమారు 70 వేలు. హైదరాబాదులో ఈ పని చేసే కంపెనీలు చాలా ఉన్నాయి. బి.జెడ్.సి., నర్సింగ్, ఫార్మసీ చదివినవాళ్లను తీసుకుంటారు. దీనికి సి.పి.సి. అనే పరీక్ష ఉంది. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్. ఫీజు డాలర్లలో ఉంటుంది కాబట్టి ఉద్యోగంలో చేరాక జీతంతో రాసుకోవడం మంచిది. కోడింగ్‌లోకీ మిషన్ వస్తోందన్నది దాచను. అందుకే తనిఖీ స్థాయికి త్వరగా ఎదగాలి.

రెండో తలుపు మన ఆసుపత్రులే. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి కేస్ షీటు, డిశ్చార్జ్ సమ్మరీ సక్రమంగా లేకపోతే ఆసుపత్రికి బిల్లు ఆగిపోతుంది. రికార్డుల విభాగంలో, బీమా విభాగంలో మెడికల్ భాష చదవగలిగినవాళ్లు కావాలి. జీతం మొదట తక్కువే అయినా, పని మన ఊరి దగ్గరే దొరుకుతుంది.

చివరగా మన పూర్వ విద్యార్థులకు ఒక మాట. ప్రతి ఏటా మనం శాలువాలు, మెమెంటోలు ఇచ్చుకుంటున్నాం. ఈసారి ఆ డబ్బుతో నాలుగు హెడ్‌ఫోన్లు, రెండు పాత కంప్యూటర్లు, ఒక మెడికల్ డిక్షనరీ కొందాం. రాత్రి స్టడీ అవర్‌లో అరగంట ఇంగ్లీషు విని రాసే అలవాటు పెడదాం. ఏ పిల్లవాడైనా, ఏ పిల్లయినా ఎక్కడ ఫీజు కట్టాలన్నా ముందు మనలో ఒకరు వెళ్లి ఆ సంస్థను చూసి రావాలని నియమం పెట్టుకుందాం. మనకు ఆ మాట చెప్పేవాళ్లు లేకపోయారు. వీళ్లకు మనం ఉన్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వినడం నేర్చుకోండి, అర్థం కానిచోట ఖాళీ వదలడం నేర్చుకోండి. సంతకం పెట్టే ముందు, డబ్బు కట్టే ముందు అడగడం నేర్చుకోండి. ఉద్యోగం పేరు రేపు మారినా ఈ మూడూ మీతోనే ఉంటాయి.

జై భీమ్.