బండిలో కూర్చున్న ఇల్లాలి హక్కు



ఫాల్గుణమాసము వచ్చినంతనే మన ప్రాంతమున కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి జాతరకు ప్రయాణములు మొదలగును. ఏలూరునుండి, తాడేపల్లిగూడెమునుండి, కైకలూరు చుట్టుపట్ల లంకగ్రామములనుండి స్త్రీలు పిల్లలను వెంటబెట్టుకొని కార్లలోను, ఆటోలలోను, ఒక్కొక్కప్పుడు చేపలు మోయు వ్యానులలోను బయలుదేరుదురు. ఇక 16వ నంబరు జాతీయ రహదారిపై పగలనక రేయనక లారీలు పరుగెత్తుచునే యుండును. దారిలో ప్రమాదము జరిగినచో, బండి నడుపుటలో చేయి లేని ఇల్లాలును గాయపడును. పిమ్మట నెలలతరబడి మంచము పట్టిన ఆమెకు న్యాయముగా రావలసినదేమో చెప్పువారు అరుదు. ఈ నెల ఆ సంగతి ముచ్చటింపదలచితిమి.

పూర్వులు ఈ విషయమును విచారింపకపోలేదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున బండి ప్రమాదములనుగూర్చి కొన్ని శ్లోకములు గలవు. నేర్పరియైన సారథి హాని చేసినచో దండన సారథికి. నేర్పు లేనివానివలన హాని కలిగినచో దండన యజమానునకు. అంతియే కాదు, నేర్పు లేనివాని బండి యెక్కినందులకు లోన కూర్చున్నవారందరును తలకు నూరేసి చెల్లింపవలెనట! అయితే దెబ్బ కొట్టినవాడు గాయము మానువరకు అగు ఖర్చు నిచ్చుకొనవలెనని చెప్పినదియు ఆ యధ్యాయమే. నేటి చట్టము ఈ కడపటి మాటను నిలుపుకొని, కూర్చున్నవారిని దండించు మాటను విడిచిపెట్టినది.

ఇప్పుడు మనకు ఆధారము 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము. నడిపినవాని తప్పును ఇది ప్రయాణికురాలి నెత్తిన రుద్దదు. రెండు బండ్లు ఢీకొని, తప్పు ఇరువురిదియు నైనచో, ఆమె ఇరువురినుండి గాని, వారిలో ఒక్కరినుండి గాని పూర్తి పరిహారము కోరవచ్చునని సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పినది. వాటాలు తేల్చుకొనుట వారిలో వారి పని.

మనకు అడ్డు వచ్చునది చట్టము కాదు, మొగమాటము. తాడేపల్లిగూడెమునుండి ఒక ఇల్లాలు మరిదిగారి కారులో జాతరకు పోవుచు కాలు విరుగగొట్టుకొన్నదనుకొందము. “మరిదిమీద దావా వేయుటయా? నలుగురేమందురు?” అని అత్తగారనును. ఆమెయు పెదవి కదపక ఊరకుండును. కాని ఒక్కమాట వినుడు. దావాలో మరిది పేరు ప్రతివాదిగా నుండును, నిజమే. సరియైన పాలసీయు, నడిపినవానికి లైసెన్సును ఉన్నచో సొమ్ము చెల్లించునది బీమా కంపెనీ. ఏటేట ప్రీమియము కట్టినది ఇట్టి దినముకొరకే గదా! మరిది జేబునుండి పోవునది లేనప్పుడు వదినె మౌనమువలన లాభపడునది కంపెనీయే.

అయితే పాలసీలలో భేదము గలదు. చట్టము తప్పనిసరి చేసినంతవరకే తీసికొన్న పాలసీ, సొంతకారులో ఊరక ఎక్కించుకొన్న బంధువులకు వర్తింపదు. ప్యాకేజీ పాలసీ వర్తించును. ఈ భేదమును సుప్రీంకోర్టు 2012లో స్పష్టపరచినది. సరకుల వ్యానులో సరకు యజమాని గాక ఊరక ఎక్కినవారికి బీమా రక్షణ లేదు. కావున కారున్న ఇంట పాలసీ కాగితమును తీయించి చూడుడు. చేపల వ్యాను ఎక్కకుడు.

రెండవ అడ్డు మన నోటనే యున్నది. “ఏమి పని చేయుదువమ్మా?” అని అడిగినచో “ఏమియు లేదండీ, ఇంటిలోనే” అందుము. 2014లో ఢిల్లీలో మోటారుసైకిలుపై పోవుచున్న దంపతులు కారు ఢీకొని మరణించిరి. భార్య గృహిణి. ఆ వ్యాజ్యమున 2021 జనవరి 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, జీతము లేని గృహిణి పనికిని ఆదాయము కట్టవలెనని నిర్ణయించినది. ఇందు ప్రత్యేకముగ అభిప్రాయము వ్రాసినవారు నాటి కృష్ణాజిల్లా పొన్నవరమున జన్మించిన జస్టిస్ ఎన్.వి. రమణగారు. స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు జీతము లేని ఇంటిపని చేయుచుండగా, పురుషులు చేయునది 97 నిమిషములేయని 2019 నాటి ప్రభుత్వపు లెక్కను వారు ఎత్తిచూపిరి. గాయపడి అవిటియైన ఇల్లాలి విషయమునను కోర్టులు ఈరీతినే ఆమె పనికి ఆదాయము కట్టుచున్నవి. కావున ఇకమీదట “ఏమియు లేదు” అనకుడు. వంట, నీళ్లు, పిల్లల చదువు, ముసలివారి పరిచర్య, పాడి యని వరుసగా చెప్పుడు.

చేయవలసిన పనులు కఠినములు కావు. పోలీసు ఠాణాలో ఎఫ్.ఐ.ఆర్. నకలు పుచ్చుకొనుడు. ఆసుపత్రి చీటీలు, మందుల బిల్లులు, ఎక్సురేలు ఒక సంచిలో భద్రపరచుడు. తోడుండుటకు పెట్టుకొన్న మనిషి కూలి, ఆసుపత్రికి తిరిగిన ఆటో బాడుగ తేదీలతో వ్రాసియుంచుడు, అవియు కోరదగినవే. అవిటితనము మిగిలినచో వైద్యుల ధ్రువపత్రము కావలెను. ప్రమాదము ఎచ్చట జరిగినను మీ కాపురమున్న ప్రాంతపు ట్రిబ్యునలులోనే దావా వేయవచ్చును. ఏలూరువారు హైదరాబాదు తిరుగ బనిలేదు. 2022 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన సవరణ ఆరు నెలల గడువు పెట్టినది గనుక ఆలోపలనే వేయుట క్షేమము. తప్పు ఎవరిదో రుజువు చేయలేనప్పుడు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు కోరు మార్గము వేరుగా గలదు. అది పుచ్చుకొన్నచో పెద్ద దావా నిలువదు. గుద్దిన బండి జాడ తెలియనిచో తీవ్రగాయమునకు ప్రభుత్వపు పథకము క్రింద 50,000 రూపాయలు లభించును.

వకీలు ఖర్చునకు వెరవకుడు. 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీకి, ఆమె ఆదాయమెంతయైనను, ఉచితముగ న్యాయసహాయము పొందు హక్కు గలదు. ఏలూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇచ్చిన చాలును.

అన్నిటికన్న ముఖ్యమైనది మరియొకటి. ఆసుపత్రి మంచముకడకు ఎవరైన వచ్చి పదివేలు చేతబెట్టి, “రాజీ అయినది” అను కాగితముపై సంతకము కోరినచో, ఎంత దగ్గరివారైనను, చదువక, వకీలునకు చూపక సంతకము చేయకుడు. విరిగిన కాలు అతుకునో అతుకదో తెలియకముందే దానికి వెల కట్టనేల?